వస్త్రంపై వ్రాత – వస్త్రంతో కూర్పు

పాఠ్యభాగ ఉద్దేశం

చేతివృత్తులలో అందంతోపాటు శాస్త్రీయమైన ఆలోచన, క్రమబద్ధమైన శ్రమ ఇమిడి ఉంటాయని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం. శ్రీకాళహస్తి కలంకారీ, ఇంగ్లండు దేశపు కాగితపు అచ్చుల అతుకుపని అనే రెండు కళల పనితీరును, వాటిని కలిపిన చరిత్రను ఈ పాఠం వివరిస్తుంది.

పాఠ్యభాగం

మానవుడు మొదట చలికి, ఎండకు ఓర్వలేక వస్త్రాన్ని నేశాడు. అవసరం తీరిన తరువాత ఆ వస్త్రాన్ని అలంకరించడం మొదలుపెట్టాడు. ఈ అలంకరణకు మార్గాలు అనేకం. వాటిలో రెండు చెప్పుకోదగినవి. తెల్లని బట్టపై కలంతో బొమ్మలు తీర్చి రంగులు నింపడం మొదటి మార్గం. రంగురంగుల బట్టలను చిన్న ముక్కలుగా కత్తిరించి, వాటిని ఒకదానితో ఒకటి జతపరచి కొత్త ఆకృతిని కూర్చడం రెండవ మార్గం. మొదటిది చిత్రకారుని పనిని పోలి ఉంటుంది. రెండవది రాయి పక్కన రాయిని పేర్చి గోడ కట్టే పనివాని నేర్పును పోలి ఉంటుంది.

పూర్తయిన వస్తువును మాత్రమే చూసేవారికి ఈ కళలలోని అసలు శ్రమ కనిపించదు. కలంకారీ బట్టకు పట్టించిన పాలు చివరకు నీటిలో కలిసిపోతాయి. అతుకుల దుప్పటిలో పెట్టిన కాగితాలను చివరకు తీసివేస్తారు. అయితే పాలు లేనిదే గీత నిలవదు. కాగితం లేనిదే అంచు కుదరదు. పని ముగిసేసరికి కనుమరుగయ్యే ఆధారాలపైనే కంటికి కనిపించే అందమంతా నిలబడి ఉంది. ఈ రెండు కళలను దశలవారీగా పరిశీలిస్తే ఆ సంగతి స్పష్టమవుతుంది.

కలంకారీ – పేరు, ప్రదేశం

'కలంకారీ' అనే మాట పారశీక భాష నుండి వచ్చింది. 'కలం' అంటే రాసే సాధనం, 'కారీ' అంటే పని. తెలుగువారు దీనిని 'వ్రాతపని' అన్నారు. బొమ్మను గీయడం అనక రాయడం అనడం ఇందులోని విశేషం. శ్రీకాళహస్తి చిత్రకారుడు దేవాలయాలలో వేలాడదీసే పెద్ద పెద్ద వస్త్రాలపై రామాయణ, భారత కథలను వరుస గళ్లలో చిత్రించేవాడు. బొమ్మల వద్ద ఆ ఘట్టాన్ని తెలిపే వాక్యాన్ని తెలుగు లిపిలో రాసేవాడు. చదువు వచ్చినవారు ఆ వాక్యాలను చదివేవారు. చదువు రానివారు బొమ్మలను చూసి కథను గ్రహించేవారు. ఆ విధంగా ఒకే వస్త్రం ఇద్దరికీ గ్రంథమైంది.

ఆంధ్రప్రదేశ్‌లో కలంకారీ రెండు సంప్రదాయాలుగా వర్ధిల్లింది. తిరుపతి జిల్లాలో స్వర్ణముఖి నది ఒడ్డున ఉన్న శ్రీకాళహస్తిలో బొమ్మ అంతా కలంతోనే రూపొందుతుంది. కృష్ణా జిల్లాలోని మచిలీపట్నం, పెడన ప్రాంతాలలో చెక్కిన కొయ్య అచ్చులను రంగులో ముంచి బట్టపై అద్దుతారు. ఇది అద్దకం పని. రెండింటిలోనూ వాడే సహజవర్ణాల శాస్త్రం చాలావరకు ఒక్కటే. ఈ పాఠంలో వివరించేది శ్రీకాళహస్తి పద్ధతి.

వస్త్రాన్ని సిద్ధపరచడం

మగ్గం నుండి దిగిన ముతక నూలుబట్టకు గంజి, సహజమైన జిడ్డు ఉంటాయి. అటువంటి బట్ట రంగును సమంగా పీల్చుకోదు. అందువల్ల ముందుగా బట్టను పేడ కలిపిన నీటిలో రాత్రంతా నానబెడతారు. మరునాడు బాగా ఉతికి ఎండలో ఆరవేస్తారు. మాటిమాటికీ నీరు చల్లుతూ ఎండబెట్టడం వల్ల బట్టలోని మాసిన ఛాయ పోయి తెలుపు వస్తుంది. రసాయనిక చలువ పదార్థాలు లేని కాలంలో సూర్యుడు, నీరు, పేడ కలిసి ఆ పని చేశాయి.

తరువాతి దశ చాలా ముఖ్యమైనది. కరక్కాయలను దంచి పొడిచేసి, ఆ పొడిని చిక్కని గేదెపాలలో కలుపుతారు. బట్టను ఆ మిశ్రమంలో పూర్తిగా తడిసేట్లు ముంచి, సమంగా పిండి ఆరబెడతారు. ఆరిన బట్ట లేత పసుపు ఛాయకు తిరుగుతుంది. కరక్కాయలో టానిన్ అనే వగరు పదార్థం సమృద్ధిగా ఉంటుంది. నలుపు రంగు పుట్టడానికి అదే మూలం. ఇక పాలలోని కొవ్వు నూలుపోగులపై పలుచని పూతగా నిలుస్తుంది. మామూలు బట్టపై సిరాచుక్క పడితే అది నలువైపులకూ పాకుతుంది. పాలు పట్టించిన బట్టపై గీత గీసిన చోటనే ఆగుతుంది. ఈ పని సరిగా జరగకపోతే ఎంతటి చిత్రకారుడైనా కన్ను, ముక్కు, వేలికొన వంటి సన్నని రేఖలను తీర్చలేడు.

కలం, కసిం

చిత్రకారుడు తన కలాన్ని తానే తయారుచేసుకుంటాడు. వెదురు పుల్లను కొన తేలేట్లు చెక్కి, కొనకు కొంచెం పైన ఉన్నిని గాని గుడ్డను గాని చుట్టి దారంతో గట్టిగా బిగిస్తాడు. ఈ చుట్టే సిరాను నిలువ చేసుకుంటుంది. కలాన్ని ద్రావణంలో ముంచి, వేళ్లతో ఆ చుట్టను మెల్లగా నొక్కితే సిరా కొనకు జారుతుంది. ఎంత నొక్కితే ఎంత జారుతుందో చేతికి తెలియాలి. ఆ తెలివిడి సంవత్సరాల అభ్యాసంతో గాని రాదు. రేఖలకు సన్నని కొన గల కలాన్ని, రంగులు నింపడానికి మొద్దు కొన గల కలాన్ని వాడతారు.

నల్లని రేఖలకు వాడే ద్రావణాన్ని 'కసిం' అంటారు. తుప్పు పట్టిన ఇనుపముక్కలు, బెల్లం, తాటిబెల్లం, నీరు కలిపి కుండలో పోసి మూతపెట్టి రెండు మూడు వారాలు ఉంచుతారు. బెల్లపు నీరు పులిసి ఆమ్లంగా మారుతుంది. ఆ ఆమ్లం ఇనుమును కొద్దికొద్దిగా కరిగించుకుంటుంది. తేరిన ద్రావణాన్ని వడగట్టి వాడుకుంటారు. రసాయన శాస్త్ర పరిభాషలో ఇది ప్రధానంగా ఐరన్ ఎసిటేట్ ద్రావణం.

కుండలో ఉన్న కసింకు గాఢమైన నలుపు ఉండదు. అది కరక్కాయ పట్టించిన బట్టను తాకినప్పుడు ఇనుము, టానిన్ కలిసి నలుపు పుడుతుంది. నలుపులో సగం కలంలోనూ సగం బట్టలోనూ దాగి ఉంటుందన్నమాట. కసిం పాకంలో మోతాదు కూడా తప్పరాదు. బలం చాలకపోతే రేఖ వెలవెలబోతుంది. బలం మించితే ఇనుము కాలక్రమంలో నూలుపోగులను తినివేస్తుంది. పురాతన వస్త్రాలు కొన్నింటిలో మిగిలిన రంగులు చెక్కుచెదరకున్నా, నల్లని రేఖల వెంట మాత్రమే బట్ట శిథిలమై కనిపించడానికి ఇదే కారణం.

రేఖాచిత్రణం

చింతపుల్లలను కాల్చి చేసిన బొగ్గుతో చిత్రకారుడు మొదట బట్టపై బొమ్మను లీలగా గుర్తిస్తాడు. బొగ్గు గీత తప్పైతే దులిపివేయవచ్చు. కొలతలు, అవయవాల పొందిక, పాత్రల నిలువు భంగిమలు ఈ దశలోనే నిర్ణయం కావాలి. ఆ తరువాత కసింలో ముంచిన కలంతో తుది రేఖలు రాస్తాడు. ఇక్కడి నుండి దిద్దుబాటుకు అవకాశం లేదు. కసిం గీతను చెరిపే సాధనం లేదు. చెయ్యి వణికితే ఆ వణుకు బట్ట ఉన్నంతకాలం ఉంటుంది. అందుకే సంప్రదాయ శిక్షణలో విద్యార్థి కలం పట్టి రేఖను అదుపులోకి తెచ్చుకోవడానికే దీర్ఘకాలం సాధన చేస్తాడు. రంగుల సంగతి ఆ తరువాతనే వస్తుంది.

రంగుల క్రమం

కలంకారీలో రంగులు వేయడానికి ఒక నియతమైన వరుస ఉంది. నలుపు తరువాత ఎరుపు, ఆపైన పసుపు, నీలం వస్తాయి.

ఎరుపును నేరుగా పూయరు. ఎర్రగా ఉండవలసిన భాగాలపై ముందుగా పటిక ద్రావణాన్ని కలంతో పూస్తారు. పటికకు సొంత రంగు లేదు. కాని వేరు రంగును నూలుపోగుకు బంధించే శక్తి దానికి ఉంది. పటిక ఆరిన తరువాత బట్టను పారే నీటిలో జాడిస్తారు. ఇక్కడ 'పారే' అన్న విశేషణం అలంకారం కోసం వాడినది కాదు. నిలువ నీటిలో జాడిస్తే బట్టను వదలిన పటిక ఆ నీటిలోనే ఉండి, తెల్లగా ఉండవలసిన చోట్లను అంటుకుంటుంది. ఆ చోట్లన్నీ తరువాత ఎర్రబడతాయి. పారే నీరు అదనపు పటికను తనతో తీసుకొనిపోతుంది. శ్రీకాళహస్తిలో ఈ కళ స్వర్ణముఖిని ఆశ్రయించి పెరగడానికి ఇది ఒక కారణం. ఆ నది ఏడాది పొడుగునా నిండుగా పారేది కాదు. ప్రవాహం లేని రోజులలో నీటి కోసం పనివారు పడే ఇబ్బంది ఇంతా అంతా కాదు.

జాడించిన బట్టను చిరివేరు, మంజిష్ఠ వంటి వేళ్లు వేసిన నీటిలో మరిగిస్తారు. మరుగుతున్న నీటిలో బట్ట అంతా మునిగి ఉన్నా, పటిక తాకిన భాగాలు మాత్రమే గాఢమైన ఎరుపును పట్టుకుంటాయి. మిగిలిన చోట అంటిన లేత ఛాయను మళ్లీ పేడనీటిలో నానబెట్టి, ఉతికి, ఎండబెట్టి తొలగిస్తారు. పటిక పట్టిన ఎరుపు చెక్కుచెదరదు. పటిక లేని ఎరుపు కడిగితే పోతుంది.

ఇంతవరకు జరిగిన ఉతుకుళ్లలో తొలుత పట్టించిన పాలు పోయి ఉంటాయి. కనుక బట్టకు మళ్లీ పాలు పట్టించి ఆరబెడతారు. అప్పుడు పసుపు, నీలం కలంతో నింపుతారు. కరక్కాయ పువ్వును మరిగించి పటిక చేర్చి పసుపు రంగును, నీలిమొక్క ఆకుల నుండి నీలం రంగును సిద్ధం చేస్తారు. పసుపు, నీలం ఒకదానిపై ఒకటి పడిన చోట ఆకుపచ్చ ఏర్పడుతుంది. చివరగా మరొకసారి ఉతికి ఆరవేయడంతో వస్త్రం పూర్తవుతుంది.

ఈ వరుసను తారుమారు చేస్తే ఏమవుతుందో ఆలోచిస్తే క్రమం విలువ తెలుస్తుంది. పసుపు, నీలం ముందు వేసి ఎరుపు తరువాత వేయాలనుకుంటే, మరిగే నీటిలోనూ ఆపై జరిగే ఉతుకుళ్లలోనూ ముందరి రంగులు దెబ్బతింటాయి. కష్టాన్ని ఓర్చుకోగల రంగు ముందు, సుకుమారమైన రంగు తరువాత అన్నది ఇందులోని సూత్రం.

సముద్రం దాటిన వస్త్రం

కోరమాండల్ తీరపు ఈ వస్త్రాలు పదిహేడవ శతాబ్దిలో ఐరోపా వర్తకులను విశేషంగా ఆకర్షించాయి. గోల్కొండ కుతుబ్‌షాహీల ఏలుబడిలో మచిలీపట్నం పెద్ద రేవుపట్టణం. ఆంగ్లేయులు 1611లో అక్కడికి చేరుకున్నారు. ఉతికినా వెలియని రంగులు గల నూలుబట్ట అంతకుముందు ఐరోపావారికి సులభంగా దొరికేది కాదు. ఆంగ్లేయులు దానిని 'చింట్జ్' అన్నారు. ఆ వస్త్రానికి గిరాకీ ఎంతగా పెరిగిందంటే, తమ నేతగాండ్ర బ్రతుకు చెడుతున్నదని భావించి ఫ్రాన్సు 1686లో దాని దిగుమతిని నిషేధించింది. ఇంగ్లండు 1700లో ఒక చట్టాన్ని, 1721లో మరింత కఠినమైన చట్టాన్ని చేసింది. ఫ్రాన్సులో నిషేధం 1759 వరకు, ఇంగ్లండులో 1774 వరకు కొనసాగింది.

నిషేధంతోపాటు అనుకరణ ప్రయత్నాలు కూడా సాగాయి. భారతదేశంలో పనిచేసిన ఫ్రెంచి మతప్రచారకుడు కూర్దూ 1742లో రాసిన లేఖలో ఇక్కడి వ్రాతపని పద్ధతిని దశలవారీగా వర్ణించాడు. కరక్కాయ, గేదెపాలు, పటిక, చిరివేరు అన్నీ ఆ వర్ణనలో ఉన్నాయి. ఆయన తెలుగు నేర్చి తెలుగు – ఫ్రెంచి నిఘంటువును కూర్చినవాడు. సంస్కృతానికి, గ్రీకు లాటిన్ భాషలకు గల పోలికలను తొలిదశలో గుర్తించినవారిలో ఒకడు. తరతరాలుగా చేతి నుండి చేతికి అందుతూ వచ్చిన విద్య ఆ లేఖతో కాగితం మీదికి ఎక్కింది.

ముక్కలను కూడా వదలని కాలం

నిషేధం వల్ల అరుదైన వస్తువుకు విలువ మరింత పెరగడం సహజం. ఇంగ్లండు గృహిణులు ఈ బట్టల తుంటలను కూడా పారవేయక దాచుకున్నారు. ఆ దేశపు వాయవ్య భాగంలో లెవెన్స్ హాల్ అనే పురాతన భవనంలో ఒక అతుకుల దుప్పటి ఉంది. 1708 ప్రాంతంలో తయారైనదని చెప్పే ఆ దుప్పటి భారతీయ చింట్జ్ ముక్కలతో కుట్టినది. ఇంగ్లండులో నేటికీ నిలిచి ఉన్న అతుకుపనులలో అతి ప్రాచీనమైన వాటిలో అది ఒకటి. మన తీరపు కళాకారుల రంగులు, ఆ దేశపు స్త్రీల సూదిపని ఆ దుప్పటిలో కలుసుకున్నాయి. ఒకరి పేరు మరొకరికి తెలియదు. ఆ ఇరుపక్షాల వారి పేర్లూ చరిత్రకు అందలేదు.

అతుకుపనిలో కచ్చితమైన ఆకృతులను సాధించడానికి ఇంగ్లండులో వ్యాపించిన ప్రసిద్ధమైన పద్ధతి కాగితపు అచ్చుల పద్ధతి. 1718 అనే సంవత్సరం గుర్తుతో కూడిన ఒక పట్టు దుప్పటి అక్కడ భద్రంగా ఉంది. దానిలోపల కుట్టే సమయంలో పెట్టిన కాగితాలు ఇప్పటికీ ఉన్నాయి. దీనినిబట్టి ఆ పద్ధతి మూడు వందల సంవత్సరాలకు పైబడినదని తెలుస్తుంది.

కాగితపు అచ్చులతో అతుకుపని

ఈ పనికి కావలసినవి దళసరి కాగితం, పలుచని నూలుబట్టలు, సూది, దారం, కత్తెర మాత్రమే. చాలామంది షడ్భుజాన్ని ఎన్నుకుంటారు. దీనికి ఒక గణిత కారణం ఉంది. సమ షడ్భుజంలో ప్రతి కోణం 120 డిగ్రీలు. మూడు షడ్భుజాల మూలలు ఒక బిందువు వద్ద కలిస్తే 360 డిగ్రీలు నిండి, ఖాళీ లేకుండా కుదురుతాయి. సమ పంచభుజంలో కోణం 108 డిగ్రీలు. మూడింటిని చేరిస్తే 324 మాత్రమే అవుతుంది, సందు మిగులుతుంది. తేనెపట్టులోని గదులు షడ్భుజాకారంలో ఖాళీ లేకుండా అమరినట్లే దుప్పటిలోని ముక్కలు కూడా అమరుతాయి.

మొదటి దశలో, ఒక్కొక్క భుజం 1 అంగుళం ఉండే షడ్భుజాలను కాగితంపై గీసి, గీత మీదుగా కత్తిరించాలి. ఒక కాగితం కొలత తప్పినా ఆ తప్పు పక్క ముక్కకు, అక్కడి నుండి దుప్పటి అంతటికీ పాకుతుంది. రెండవ దశలో, కాగితాన్ని బట్ట వెనుకవైపు పెట్టి, చుట్టూ పావు అంగుళం ఎక్కువ ఉండేట్లు బట్టను కత్తిరించాలి. మూడవ దశలో, ఆ అదనపు అంచును కాగితం మీదికి మడిచి, మూలలు పదునుగా వచ్చేట్లు సరిచేసి, దూరదూరంగా కచ్చా కుట్టు వేయాలి. ఇప్పుడు మెత్తని బట్టకు కాగితపు గట్టిదనం వస్తుంది. లాగితే సాగే గుణం తాత్కాలికంగా అణగుతుంది.

నాలుగవ దశ జతపరచడం. రెండు ముక్కలను బొమ్మ వైపులు లోపలికి వచ్చేట్లు ఎదురెదురుగా పెట్టి, ఒక భుజం వెంట అంచుల మీదుగా చుట్టుతూ చిన్న చిన్న కుట్లు వేయాలి. సూది బట్ట మడతను మాత్రమే పట్టుకోవాలి, కాగితాన్ని గుచ్చకూడదు. గుచ్చితే చివరలో కాగితం రాదు. బలవంతంగా లాగితే కుట్టు తెగుతుంది. నడుమ ఒక షడ్భుజాన్ని ఉంచి చుట్టూ ఆరు ముక్కలను చేర్చితే ఏడు ముక్కల పువ్వు తయారవుతుంది. అటువంటి పువ్వులను కలుపుకుంటూ పోతే దుప్పటి విస్తరిస్తుంది.

ఐదవ దశలో, నలువైపులా పొరుగు ముక్కలు చేరిన ముక్కనుండి మాత్రమే కచ్చా కుట్టు విప్పి కాగితాన్ని తీయాలి. అంచున ఉన్న ముక్కలకు ఇంకా ఆసరా లేదు. వాటి కాగితం ముందే తీస్తే ఆకృతి సాగి వంకరపోతుంది. పొరుగువారి పట్టు చిక్కిన తరువాతనే ప్రతి ముక్కా తన కాగితాన్ని వదలుకోగలదు. అన్ని కాగితాలూ తీసిన తరువాత పైపొర కింద దూదిపొరను, దాని కింద అడుగుబట్టను పరచి, మూడింటిని కలిపి వరుసగా సాదా కుట్లు వేస్తే దుప్పటి పూర్తవుతుంది.

పూర్వం కాగితం విలువైనది. అందువల్ల పాత ఉత్తరాలను, లెక్కల చీటీలను, పత్రికలను అచ్చులుగా కత్తిరించేవారు. కుట్టడం సగంలో ఆగిపోయిన దుప్పట్ల వెనుక ఆ కాగితాలు మిగిలిపోయాయి. వాటిపై ఉన్న తేదీలు, మాటలు ఇప్పుడు చరిత్రకారులకు ఆధారాలయ్యాయి.

తెలుగు ఇండ్లలోని బొంత ఈ దుప్పటికి దూరపు బంధువు. పాత చీరలను, పంచెలను పొరలుగా పరచి, చిరుగుపడిన చోట మరొక ముక్కను వేసి, దగ్గర దగ్గరగా సాదా కుట్లు వేసి బొంతను తయారుచేస్తారు. ఇందులో కాగితపు అచ్చు ఉండదు. కొలతలను కన్ను, చెయ్యి చూసుకుంటాయి. అమ్మమ్మ చీర మనుమరాలి ఒంటికి వెచ్చదనం కావడం బొంతలోని విశేషం. పనికిరాదనుకున్న ముక్కకు పక్క ముక్కతో కలిసినప్పుడు మళ్లీ పని కలుగుతుందన్న ఎరుక రెండు దేశాలలోనూ ఒక్కటే.

వర్తమానం – కర్తవ్యం

పందొమ్మిదవ శతాబ్దిలో యంత్రాల మీద అచ్చువేసిన చవక బట్టలు కలంకారీ మార్కెట్టును దెబ్బతీశాయి. వేరునుండి వచ్చే ఎరుపుకు మూలమైన అలిజరిన్‌ను 1868లో జర్మనీ శాస్త్రవేత్తలు ప్రయోగశాలలో తయారుచేశారు. 1897 నాటికి కృత్రిమ నీలి కూడా విపణిలోకి వచ్చింది. ఇరవయ్యవ శతాబ్ది మధ్యకు వచ్చేసరికి శ్రీకాళహస్తిలో ఈ విద్య తెలిసినవారు చాలా కొద్దిమంది మిగిలారు. ఆ సమయంలో కమలాదేవి ఛటోపాధ్యాయ నాయకత్వంలోని అఖిల భారత హస్తకళల మండలి 1957లో అక్కడ శిక్షణ కేంద్రాన్ని నెలకొల్పింది. సంప్రదాయం తెలిసిన జొన్నలగడ్డ లక్ష్మయ్య అందులో విద్యార్థులకు బోధించాడు. ఆయన కుమారుడు జొన్నలగడ్డ గురప్పశెట్టి ఈ కళలో నిష్ణాతుడై, వ్రాతపనిని గురించి తెలుగులో గ్రంథం కూడా రచించి, 2008లో పద్మశ్రీ పురస్కారాన్ని పొందాడు. శ్రీకాళహస్తి కలంకారీకి 2005–06లో భౌగోళిక గుర్తింపు లభించింది.

గుర్తింపు లభించినంత మాత్రాన చిక్కులు తీరలేదు. కలంకారీ బొమ్మలను కృత్రిమ వర్ణాలతో యంత్రంపై అచ్చువేసి, కలంకారీ పేరుతోనే తక్కువ ధరకు అమ్మడం నేడు సర్వసాధారణం. వారాల తరబడి సాగిన పనికి, నిమిషాలలో ముగిసిన పనికి అంగడిలో ఒకే పేరు ఉంటే కొనేవారు సహజంగా చవకదానివైపు మొగ్గుతారు. అప్పుడు నష్టపోయేది ఒక్క కళాకారుడే కాదు. అతని పిల్లలు ఆ కలాన్ని పట్టరు. కసిం పాకం, పాల మోతాదు, నీటి జాడింపు వంటి అనుభవజ్ఞానం ఒక తరంతో ఆగిపోతుంది. తెగిన ఆ పోగును తిరిగి ముడివేయడం దుస్సాధ్యం.

చేతి పనిని గుర్తుపట్టడానికి కొన్ని ఆనవాళ్లు ఉన్నాయి. కలంతో రాసిన రేఖ ఒకచోట సన్నగా, ఒకచోట లావుగా నడుస్తుంది. ఒకే బొమ్మ రెండుసార్లు వచ్చినా రెండూ అచ్చుగుద్దినట్లు ఉండవు. యంత్రపు అచ్చులో ఒకచోట ఉన్న లోపం అదే కొలత దూరంలో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. యంత్రపు బట్టను కొనడం తప్పుకాదు. దానిని చేతిపని అని నమ్మి కొనడం, నమ్మించి అమ్మడం తప్పు. కొనే ముందు 'ఇది చేతితో రాసినదా?' అని అడగడం చిన్న ప్రశ్నే. కాని ఆ ప్రశ్న అడిగేవారు పెరిగిన కొద్దీ నిజం చెప్పి అమ్మే వర్తకులు, నిజాయితీగా రాసే చేతులు నిలుస్తాయి.

పాలు కడిగిపోయాయి, కాగితాలు తొలగిపోయాయి. గీత, అతుకు నిలిచాయి. విద్యార్థి జీవితంలోనూ వల్లెవేసిన పాఠాలు, కొట్టివేసిన లెక్కలు, మళ్లీ రాసిన చిత్తుప్రతులు ఎవరికీ కనిపించవు. వాటి బలం మాత్రం చివరకు చేసే పనిలో కనిపిస్తుంది. ఒక వస్త్రాన్ని చూసినప్పుడు దాని అందాన్ని మెచ్చుకోవడంతోపాటు, ఆ అందం వెనుక కనుమరుగైన శ్రమను కూడా తలచుకోగలగడం చదువుకున్నవారి లక్షణం.

అభ్యాసం

1. కలంకారీలో బట్టకు కరక్కాయ, పాలు పట్టించడం ఎందుకు అవసరమో వివరించండి.

2. పటిక పూసిన బట్టను పారే నీటిలోనే ఎందుకు జాడించాలి? కారణం తెలపండి.

3. కాగితపు అచ్చుల అతుకుపనిలో కాగితాన్ని ఎప్పుడు తీయాలి? ముందే తీస్తే కలిగే నష్టమేమిటి?

4. కోరమాండల్ వస్త్రాలను ఐరోపా దేశాలు నిషేధించడానికి గల కారణాలను, దాని ఫలితాలను చర్చించండి.

5. మీ ఇంట్లో గాని, మీ ఊరిలో గాని ఉన్న ఒక చేతిపనిని పరిశీలించి, దాని దశలను క్రమంగా రాసి, ఏ దశ మానితే పని చెడుతుందో సకారణంగా తెలపండి.